షిఫ్ట్ మీద వేలు

ఆదోనిలో నా రిపేరు అంగడి చిన్నది. మధ్యాహ్నం ఎండకు షట్టర్ సగం దించి పని చేసుకుంటాను. ఆరోజు ఎమ్మిగనూరు నుంచి అస్మా అనే పిల్ల, వాళ్ళ నాన్న కంప్యూటర్‌ను ఆటోలో వేసుకుని వచ్చింది. నాన్న పీరా సాబ్ చీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. ఆయన కంప్యూటర్‌లో గీసిన ఫైలు ఇస్తేనే వాళ్ళింటి చేతిమగ్గం మీద అంచు పడుతుంది; నేసేది మాత్రం మనిషే. పోయిన నెల గుండె ఆగి పోయాడు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు.

"డిజైన్లు తీసియ్యి వీరేషన్నా. అవి లేకుంటే మగ్గం నిలబడిపోతాది. మాకు ఇంగేం ఆధారం లేదు."

"డిస్కు పోయినట్లుండాదిమా. సాయంత్రం రా, చూస్తా" అన్నాను.

అబద్ధం. డిస్కు బాగానే ఉంది. ఆ కంప్యూటర్‌లో ఉన్నది లైనక్స్ సిస్టమ్. ఆన్ చేసేటప్పుడు షిఫ్ట్ నొక్కిపట్టుకుంటే దాచిపెట్టిన మెనూ ఒకటి బయటికొస్తుంది. అందులోంచి రికవరీలోకి పోయి కొత్త పాస్‌వర్డ్ పెట్టొచ్చు. టీ తాగినంత సేపు పట్టదు. కానీ ఆ డిజైన్లకు ఎంత గిరాకీ ఉందో నాకు తెలుసు. నా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, అన్నీ పోయాయని ఆ పిల్లకు చెప్దామనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మెనూ వచ్చింది. పాస్‌వర్డ్ మార్చాను. ఫైళ్ళు కాపీ అవుతున్నాయి. అప్పుడు వాసన తగిలింది. తడి నూలు... గంజి... నా అంగడిలో నూలెక్కడిది?

స్క్రీన్ ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది. అదే మెనూ. నేనేమీ నొక్కలేదు. స్విచ్ ఆపి, తిరిగి వేశాను. మళ్ళీ మెనూ...

కీబోర్డు వైపు చూశాను. షిఫ్ట్ మీట లోపలికి దిగి ఉంది. ఇరుక్కుందేమోనని లేపబోయాను. నా చేతికి ఇంకో వేలు తగిలింది. ముసలి వేలు. చల్లగా ఉంది.

చెవి పక్కనే గుసగుస.

"అవి ఎవురివప్పా?"

పెన్‌డ్రైవ్ పీకి మురుగుకాలవలోకి విసిరేశాను. అస్మాకు ఫోన్ చేసి, అన్నీ దొరికాయని చెప్పి పిలిపించి, కంప్యూటర్ అప్పగించాను. "నీ మేలు మర్చిపోనన్నా" అని ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను తల ఎత్తలేకపోయాను.

నిన్న ఫోన్ చేసింది.

"అన్నా, మా అబ్బా గీసిన డిజైన్లలో ఒకటి కొత్తగా కనపడితే మగ్గానికి ఎక్కించినా. అంచు పొడుగునా ఒకే మనిషి బొమ్మ. కంప్యూటర్ ముందర, మనకు వీపు పెట్టి కూచోనుండాడు. చేతిలో పెన్‌డ్రైవ్. నేసేకొద్దీ కొంచెం కొంచెం మన దిక్కు తిరుగుతాండాడన్నా."

ఫోన్లో మగ్గం చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది.

"మగ్గం మీద ఎవురుండారుమా?"

"ఎవురూ లేరన్నా. నేను వాకిట్లో ఉండాను. వీధిలోవాళ్ళంతా వచ్చి చూస్తాండారు. ఇంగ మొగమొక్కటే రావాల."