పక్క నలగని గది

"నేను పండుకున్న సార్! మా అమ్మ మీద ఒట్టు, ఆ గదిల నేను పండుకున్న. పండుకోలేదంటుండ్రు!"

నల్లగొండ గడియారం సెంటర్‌లో, చెప్పుల దుకాణం పై అంతస్తులో ఉన్న ఇస్రాయేలు డిటెక్టివ్ ఏజెన్సీలోకి అడుగుపెడుతూనే ఆ మనిషి అన్న మాట ఇది. రూప కంప్యూటర్ మీంచి తలెత్తింది. ఇస్రాయేలు దగ్గర సహాయకురాలిగా చేరాక మోసపోయిన వాళ్లను చూసింది, మొగుడి మీద అనుమానంతో వచ్చిన వాళ్లను చూసింది. తాను నిద్రపోయానని రుజువు చేయమంటూ వచ్చినవాణ్ని మాత్రం ఇదే చూడడం.

"ముందు కూసో తమ్మీ," అన్నాడు ఇస్రాయేలు. "రూపా, చాయ్ తెప్పించు."

వచ్చినవాడి పేరు పరశురాం. ఊరు మహబూబ్‌నగర్. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలకు కన్వేయరు బెల్టులు అమ్మే కంపెనీలో పని. వారంలో ఒక రాత్రి, ఒక్కోసారి రెండు రాత్రులు నకిరేకల్ హైవే మీది తంగేడు హోటల్లో దిగుతాడు. ఆ తంగేడు వాళ్లకు హైదరాబాదు నుంచి ఆలంపూర్ దాకా చాలా హోటళ్లున్నాయి. ఏడాదిలో యాభై రాత్రులు వాళ్ల దగ్గర బస చేసినవాడికి వజ్ర సభ్యత్వం ఇస్తారు. వజ్ర సభ్యుడికి పొద్దుటి టిఫిను ఉచితం, రిసెప్షన్లో నిలబడే పని లేదు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఏడాదికోసారి, కోరుకున్న ఊళ్లో, హోటల్లోకెల్లా పెద్ద గదిని ఒక రాత్రికి ఊరికే ఇస్తారు.

"ఆ గది నాకోసం కాదు సార్," అన్నాడు పరశురాం. "మా అమ్మ నాగులమ్మ. పాలమూరు బస్టాండు కాడ లాడ్జిల గదులు ఊడ్సి నన్ను సాదింది. ఒకనాడు జొరమొచ్చి మంచం అంచున జర కూసున్నదని ఓనరు అందరి ముందట తిట్టిండు. నేను గాడనే ఉన్న, చిన్న పోరన్ని. ఆలంపూర్ జోగులాంబను చూస్తనంటది అమ్మ. చూపిచ్చి, ఆ పెద్ద గదిల పండవెడ్దామని వచ్చే ఆదివారానికి బుక్ చేసుకున్న. గిప్పుడు కార్డే తీసేస్తమంటుండ్రు!"

హెడ్డాఫీసు పంపిన మెసేజ్ చూపించాడు. గది తీసుకుని, చాబీ పుచ్చుకుని, పడుకోకుండా వెళ్లిపోతూ రాత్రులు లెక్కలో వేయించుకుంటున్నారట. అది నిబంధనలకు విరుద్ధమట. సాక్ష్యంగా ఒక ఫోటో కూడా పెట్టారు. పరశురాం ఖాళీ చేసిన పొద్దున నకిరేకల్ మేనేజరు గుమ్మంలో నిలబడి తీసిన ఫోటో అది. పరుపు మీద దుప్పటి ముడత లేదు. దిండ్ల గలేబుల మూతులు రెండూ తలుపు వైపుకు తిరిగి ఉన్నాయి. బల్ల మీద గాజు గ్లాసు బోర్లించి ఉంది. మనిషి అలికిడే లేని గది.

ఇస్రాయేలు ఆ ఫోటోను పెద్దది చేసి, చిన్నది చేసి, చాలాసేపు చూశాడు. ఒక్క ముక్క మాట్లాడలేదు. ఈయనతో వచ్చిన తంటా ఇదే. రూపకు ఆయన బుర్ర మీద ఎంత గౌరవమో, ఆ మౌనం మీద అంత మంట.

ఆమె మంట ఆమెకుండగానే పరశురాం లేచాడు. తాను తాగిన గ్లాసే గాక వాళ్లిద్దరి గ్లాసులు కూడా తీసుకెళ్లి మూల కుళాయి దగ్గర కడిగి బోర్లించాడు. వస్తూ వస్తూ బెంచీ మీద పరిచి ఉన్న పేపర్లన్నీ ఒక కట్టగా సర్దాడు.

"అయ్యో, ఏం చేసినవన్నా!" రూప లబోదిబోమంది. "వేరే కేసు కోసం వరుసల పెట్టుకున్న పేపర్లవి! పొద్దుగాల నుంచి కూసొని పెట్టిన!"

"తప్పైంది అక్కా, తప్పైంది," అంటూ పరశురాం రెండు చేతులూ జోడించాడు.

ఇస్రాయేలు మీసం కింద నవ్వాడు. "రూపా, పేపర్లు మళ్ల పెట్టుకుందువు తియ్. రేపు నకిరేకల్ పోదాం."

*

నకిరేకల్ మార్కెట్ దాటితే తంగేడు హోటల్. నిమ్మకాయల లారీలు హోటల్ గేటు దాకా బారులు తీరి ఉన్నాయి. మేనేజరు నవీన్‌కుమార్ టై సర్దుకుంటూ ఎదురొచ్చాడు.

"పోయినేడు డిసెంబర్ల గిట్లనే కొందరు దొంగ రాత్రులు రాయించుకున్నరు సార్," అన్నాడు. "చాబీ తీసుకునుడు, ఎనక మెట్లకెల్లి ఇంటికి పోవుడు. హెడ్డాఫీసు నన్ను తిట్టింది. అందుకే ఈసారి నేను కండ్లతోని చూసి ఫోటో తీసిన."

"ఎనక మెట్ల కాడ కెమెరా లేదా?" అడిగింది రూప.

"ఉంది మేడం. ఖరాబైంది."

"ఎప్పటి సంది?"

నవీన్‌కుమార్ మళ్లీ టై సర్దుకున్నాడు. రూపకు ఒళ్లు మండింది. ఉండాల్సిన చోట కెమెరా చూడదు, మనిషి మీద మాత్రం నింద ఠపీమని పడుతుంది.

"పరశురాం మీద అనుమానం నీకే వచ్చిందా, ఎవరన్న చెప్పిండ్రా?" అడిగాడు ఇస్రాయేలు.

"ఎల్లేష్ సార్ చెప్పిండు. ఆయన గూడ వజ్ర సభ్యుడే."

ఎల్లేష్ కింద టిఫిను హాల్లోనే కూర్చుని పూరీ తింటున్నాడు. పరశురాంకు పోటీ కంపెనీ మనిషి. అవే బెల్టులు, అవే ఫ్యాక్టరీలు. అడిగితే దాచలేదు.

"అవ్, నేనే చెప్పిన. ఆయన గది తలుపు పొద్దున తెరిచి ఉంటే రెండు మూడు సార్లు చూసిన. ఎవడన్న పండుకున్నట్టుంటదా అది? నేను ఇల్లు వాకిలి ఇడిసి నిజంగ పండుకొని కార్డు నిలవెట్టుకుంటున్న. ఆయనకు ఉట్టిగనే వస్తే నాకు కడుపు మండదా?"

"ఆయన గదిలకు నువ్వు పోయినవా?"

"నాకు చాబీ ఎవడిస్తడు సార్? బయటికెల్లే చూసిన."

ఇక మిగిలింది గదులు శుభ్రం చేసే బాలనర్సమ్మ. రెండో అంతస్తు వరండాలో చీపురు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. ఇస్రాయేలు నోరు విప్పకముందే ఆమె కళ్లు తుడుచుకుంది.

"నాకేమెరుక సారూ! ఆయన పోయినంక తలుపు తీస్తే గది అద్దం లెక్క ఉంటది. నాకన్న ముందుగాల ఎవరో వచ్చి సర్దిపోయిండ్రనుకున్న. గిప్పుడేమో మేనేజరు సారు నన్ను పట్టుకుండు. ఆయన పండుకోకుంటే నువ్వెందుకు చెప్పలే, ఆయనతోని పైసలు తిన్నవా అంటుండు. సోమారం సంది పనికి రావద్దన్నడు. ఎవరి పాపమో నా నెత్తిన పడ్డది. నా గాచారం!"

ఇస్రాయేలు ఆమెను ఇంకేమీ అడగలేదు. అతిథుల కోసం సిద్ధం చేసి ఉంచిన మూడు ఖాళీ గదులు తెరిపించి, మూడింటినీ గుమ్మంలోంచే చూశాడు. అన్నిట్లోనూ దిండ్ల గలేబుల మూతులు కిటికీ వైపుకే ఉన్నాయి. గ్లాసులన్నీ నిలబెట్టి, మీద కాగితం మూతలు పెట్టి ఉన్నాయి.

"నేను ఇయ్యాల ఈడనే ఉంట," అన్నాడు. "రూపా, నువ్వు నల్లగొండ పోయి పొద్దున రా. వచ్చేటప్పుడు పరశురాంను పట్టుకరా. హెడ్డాఫీసు మేడంను గూడ రమ్మని ఫోన్ చెయ్."

"ఏం తెలిసిందో చెప్పొచ్చు కద సార్?"

"రేపు చెప్త."

రేపట! బస్సులో ఇంటికి పోతున్నంతసేపూ రూప పళ్లు కొరుకుతూనే ఉంది. మేనేజరు ముఖం దొంగముఖంలా ఉంది, ఎల్లేష్‌కు అసూయ ఉంది. ఈ ఇద్దరిలో ఒకడనుకుంది. ఎవడైనా, ఎలా చేశాడో మాత్రం ఎంత తన్నుకున్నా తట్టలేదు.

*

మర్నాడు ఇస్రాయేలు రాత్రి దిగిన గదిలోనే అందరూ చేరారు. మేనేజరు, ఎల్లేష్, గోడకు ఒదిగి బాలనర్సమ్మ, హైదరాబాదు నుంచి వచ్చిన సభ్యత్వాల అధికారిణి మంజులత, పరశురాం. గది చూసి రూపకు సిగ్గేసింది. దుప్పటి సగం నేల మీద ఉంది. ఒక దిండు మంచం మీద, ఒకటి కుర్చీ కింద. ఎక్కడ తాగిన చాయ్ గ్లాసు అక్కడే ఉంది. ఎప్పుడూ శుభ్రంగా ఉండే మనిషి ఇలా పడేసుకున్నాడేమిటి అనుకుంది.

ఇస్రాయేలు కిటికీ దగ్గర నిలబడి అందరినీ తన వైపు తిప్పుకున్నాడు. పరశురాం మాత్రం వెనక, మంచం పక్కన మిగిలాడు.

"ఎల్లేష్‌కు కడుపుమంట ఉన్నది. కాని చాబీ లేదు. గదిలకు పోనోడు గదిని మార్చలేడు. నవీన్‌కుమార్ కెమెరా బాగు చేయించక తన తప్పును వేరేటోళ్ల మీదికి తోసిండు. కాని ఫోటో అబద్ధం కాదు, ఉన్నదే తీసిండు. ఇగ బాలనర్సమ్మ. తనకన్న ముందుగాల ఎవరో సర్దిండ్రనుకున్న అన్నది. ఈ కేసు మొత్తంల అసలు మాట అదే."

"అంటే ఎవరో సర్దారంటారా?" అడిగింది మంజులత.

"తంగేడు హోటల్ల దిండు మూతి కిటికీ దిక్కు ఉంటది, గ్లాసు నిలబెట్టి ఉంటది. మీరు పంపిన ఫోటోల దిండు మూతి తలుపు దిక్కున్నది, గ్లాసు బోర్లించి ఉన్నది. ఎవరూ ముట్టని గదైతే హోటలోళ్లు పెట్టినట్టే ఉండాలె కద మేడం? ఆ మంచం మీద ఎవరో పండుకున్నరు. లేచి, గది మొత్తం మళ్ల సర్దిండ్రు, వాళ్ల అలవాటు ప్రకారం."

"ఎవరు సార్?" రూప ఉండబట్టలేక అరిచినంత పని చేసింది.

"ఎనకకు తిరిగి చూడుండ్రి."

అందరూ తిరిగారు. పరశురాం దుప్పటి నాలుగు మూలలూ పరుపు కిందికి దోపేసి, కుర్చీ కింది దిండు దులిపి మంచం మీద పెడుతున్నాడు. గలేబు మూతి తలుపు వైపుకు ఉంది. చాయ్ గ్లాసులు అప్పటికే కడిగి బోర్లించి ఉన్నాయి. అందరి కళ్లూ తన మీద ఉండేసరికి దిండు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏమైంది సార్? పక్క ఆగమాగం ఉంటే జర..."

"దిండు మూతి తలుపు దిక్కెందుకు పెట్టినవు తమ్మీ?"

"మా అమ్మ గట్లనే పెట్టేది సార్. లాడ్జి ఓనరు గుమ్మంల నిలవడి, గలేబు మార్చిందా లేదా అని చూసేటోడు. లోపలికి రాకుంటనే కనవడాలె."

రూపకు కోపం నసాళానికంటింది. "మరి ముందుగాలనే చెప్పొచ్చు కదన్నా! గిదంత ఎందుకు?"

"ఎవరడిగిండ్రక్కా? పండుకున్నవా అన్నరు, పండుకున్న అన్న. లేచి పక్క తీసుడు గూడ చెప్పాల్నా? నేనిడిసిన పక్క ఇంకో తల్లి తీసుడు నాకు మనసొప్పదు. అందుకే ఊడ్సి, తుడిసి, సర్ది పోత."

ఆ మాటకు బాలనర్సమ్మ భగ్గుమంది. గోడ వదిలి ముందుకొచ్చింది.

"ఓ సారూ! నీ పున్నెం పాడుగాను, నీ పున్నెం నా కొలువు తీస్తుండె! నేను సాయం చెయ్యమని అడిగిన్నా నిన్ను? నా పని నన్ను చేసుకోనియ్యి!"

పరశురాం ముఖం పాలిపోయింది. చేతిలోని దిండు మెల్లగా మంచం మీద పెట్టేశాడు. తన కార్డు పోతుందన్నప్పుడు కూడా అతను అంత చిన్నబోలేదని రూప గమనించింది. పాపం, ఏ తల్లికి మేలనుకున్నాడో ఆ తల్లి బువ్వకే ఎసరు పెట్టాడు.

మంజులత మేనేజరు వైపు తిరిగింది. "బాలనర్సమ్మ పని ఎక్కడికీ పోదు. ముందు ఆ కెమెరా బాగుచేయించండి. పరశురాం గారూ, మీ వజ్ర సభ్యత్వం మీకుంటుంది. ఆలంపూర్ గది కూడా. ఒక్కటే మనవి, దయచేసి పక్క అలాగే వదిలేసి వెళ్లండి."

ఎల్లేష్ గొణిగాడు. "పోనీ, నా గది సర్దిపోరాదన్నా." ఎవరూ నవ్వలేదు.

*

ఆదివారం గడిచి, సోమవారం పొద్దున ఆఫీసు తాళం తీస్తుండగానే పరశురాం ఫోను. రూప స్పీకరులో పెట్టింది.

"పండుకున్నదా మీ అమ్మ? మంచం మీదనేనా?" ముందు అదే అడిగింది.

"పండుకున్నదక్కా. గుర్రు పెట్టి పండుకున్నది. పొద్దున నేను లేసి, చేతులు ఊకుంటయా, దుప్పటి మడత వెట్టవోయిన. అమ్మ కండ్లు తెరిసి ఒక్క కసురు కసిరింది. 'ఇడువురా! ఆ పిల్ల పని ఆ పిల్లను చెయ్యనియ్' అన్నది. నకిరేకల్ల అయిందంత చెప్పిన. మా అమ్మ నన్నే తిట్టింది."

"ఏమని?"

"'గది సర్దిపొమ్మని నేనెన్నడన్న ఎవరినన్న అడిగిన్నా బిడ్డా? ఇరవై ఏండ్లు ఊడ్సిన. పేరేంది, తిన్నవా అని అడిగినోడు ఒక్కడు లేడు. గది సర్దుడు కాదు, గా మాట అడుగు' అన్నది."

ఇస్రాయేలు చేతిలోని పేపరు కింద పెట్టాడు.

"ఇప్పుడు ఏం జేస్తుంది మీ అమ్మ?"

"ఇంకా మంచం మీదనే ఉంది సార్. గదులు సర్దే ఆమె వచ్చింది. అమ్మ లేవలే, 'రా బిడ్డా, కూసో' అని మంచం మీద తన పక్కన జాగా చూపిచ్చింది. గిప్పుడిద్దరు కూసొని ముచ్చట వెట్టిండ్రు. ఆమె పేరు కోమలట సార్."