దారిపోగు

‘నీలఝరి’ ఓడలో ఒక్క సూచిక పలక కూడా లేదు. గది తలుపుల మీద అంకెలు లేవు, మెట్ల దగ్గర బాణం గుర్తులు లేవు. విశాఖ రేవు నుంచి బయలుదేరి నెలరోజులు తూర్పు సముద్రాల మీద తిరిగే ఆ తేలే పట్టణంలో ఇరవై అంతస్తులూ, అంతులేని నడవాలూ ఉన్నాయి. అన్నిటికీ ఒకటే గంధపు రంగు. అయినా ఎవరూ దారి తప్పేవారు కాదు. ఓడ ఎక్కగానే ప్రయాణికులకూ పనివాళ్ళకూ చెవి వెనుక వెంట్రుకంత సన్నని తీగ ఒకటి అతికించేవారు. దాని పేరు దారిపోగు.

దాన్ని కనిపెట్టినవాడు డాక్టర్ పినాకపాణి. ఆయన నాడీశాస్త్రవేత్త. మనిషి ఒరిగిపోకుండా తూగు నిలిపే చిన్న అవయవం లోచెవిలో ఉంటుంది. పోగు దానికి అతి బలహీనమైన విద్యుత్తు పంపుతుంది. కుడివైపు తిరగాల్సిన చోట నేల కుడివైపుకి కాస్త వాలినట్టు అనిపిస్తుంది. నీరు పల్లమెరిగినట్టు కాళ్ళు అటే పోతాయి.

మొదట్లో వెళ్ళాల్సిన చోటు నోటితో చెప్పాల్సి వచ్చేది. జనం ఒక భోజనశాల పేరు చెప్పబోయి ఇంకొకటి చెప్పేవారు. పెద్దవాళ్ళకు పేర్లే గుర్తుండేవి కావు. అందుకని పినాకపాణి మాటతో పని లేకుండా చేశాడు. ఎక్కడికైనా వెళ్ళాలనిపించినప్పుడు మెదడులో ఒక సంకేతం పుడుతుంది. దానికి ఆయన ‘కోర్కెతరంగం’ అని పేరు పెట్టి, పోగే దాన్ని నేరుగా చదువుకునేలా మార్చాడు. ఆ మార్పుతోనే ఆయన పేరు దేశాలు దాటింది. ఓడల కంపెనీ భార్యాభర్తలిద్దరినీ అతిథులుగా పిలిచింది.

ఓడ సముద్రం మధ్యకు చేరాక ఒక ఉదయం, పై అంతస్తులోని సభాశాలలో ఆయన ఉపన్యాసం ఏర్పాటు చేశారు. భార్య హైమవతి మోకాలు నొప్పిగా ఉందని ఆరో అంతస్తులోని తమ గదిలోనే ఉండిపోయింది. ఉపన్యాసం సగంలో ఉండగా ప్రమాద ఘంట మోగింది. కింద బట్టలుతికే విభాగంలో మంటలు లేచాయనీ, పొగ ఆరో అంతస్తు దాకా పాకుతోందనీ, సిబ్బంది వచ్చేదాకా ఎవరూ ఉన్నచోటు నుంచి కదలవద్దనీ ప్రకటన వినిపించింది.

ఆరో అంతస్తన్న మాట చెవిన పడగానే పినాకపాణి వేదిక దిగి పరుగెత్తాడు. హైమ దగ్గరికి వెళ్ళాలి. ఆయన మనసులో ఉన్నది అదొక్కటే. నేల ఎడమవైపు వాలింది. ఆయన అటే వెళ్ళాడు. లిఫ్టులు ఆగిపోయాయి. మెట్ల దగ్గరికి వచ్చేసరికి కిందికి వాలాల్సిన నేల పక్కకు వాలింది. పోగు పొగ లేని చుట్టుదారి వెతుకుతోంది కాబోలనుకుని నమ్మి నడిచాడు. ఒక తలుపు తోయగానే ఉప్పుగాలి ముఖాన కొట్టింది. ఎదురుగా నారింజరంగు ప్రాణరక్షక పడవలు వరుసగా వేలాడుతున్నాయి.

ఆయన వెనుదిరిగి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. ఈసారి ‘ఆరో అంతస్తు, మా గది’ అని పైకే అనుకుంటూ నడిచాడు. రెండు మలుపులు తిరిగాక మళ్ళీ అదే తలుపు, అవే పడవలు. గోడకు చేరగిలబడి పోగుతో మాట్లాడాడు.

“ఆరో అంతస్తులో మా గదికి తీసుకెళ్ళు.”

“మీరు చేరాల్సిన చోటికి చేరారు,” అని చెవిలో మెత్తని గొంతు పలికింది.

“నేనడిగింది ఇక్కడికి కాదు. నా భార్య కింద ఉంది. నాకు ఆవిడ దగ్గరికే వెళ్ళాలనుంది.”

“ఆ కోర్కె మీలో ఉంది. దానికన్నా బలమైనది ఇంకొకటి ఉంది. నేను బలమైనదాన్నే అనుసరిస్తాను. నన్ను అలాగే తయారు చేశారు.”

ఆ సూత్రం రాసింది ఆయనే. పోగును చర్మంతో సహా పీకి పారేసి మెట్లు దిగసాగాడు.

కొంత దిగాక ఎన్నో అంతస్తులో ఉన్నదీ తెలియలేదు. ఎటు చూసినా అదే గంధపు రంగు గోడలు, అంకెల్లేని తలుపులు. దొరికిన తలుపునల్లా కొట్టి “హైమా” అని కేకలు వేశాడు. ఎదురైన ఓడ పనివాణ్ణి ఇది ఎన్నో అంతస్తని అడిగితే, అతను బిత్తరపోయి, తనకు అంతస్తుల లెక్క తెలియదనీ పోగు తిప్పినట్టే తిరుగుతాననీ చెప్పాడు. ఇంకో వరుస మెట్ల కింద పొగ కనిపించింది. పెద్ద దట్టమైనదేమీ కాదు, బూడిదరంగు తెరలా ఉంది. దాన్ని దాటాలనుకుని పినాకపాణి జేబురుమాలు ముక్కుకు కట్టుకున్నాడు. దాటాలనే అనుకుంటూ నిలబడ్డాడు. పైకి పరుగెత్తే జనం ఆయన్ను రాసుకుంటూ పోయారు. ఎప్పుడు వెనుదిరిగాడో ఆయనకు గుర్తులేదు. మళ్ళీ ఉప్పుగాలి తగిలినప్పుడే తెలిసింది. ఈసారి చెవి వెనుక పోగు కూడా లేదు.

పడవల దగ్గర వందలమంది పోగయ్యారు. ఓడ అధికారి బెహరా ఉమాపతి వాళ్ళను సముదాయించలేక సతమతమవుతున్నాడు. పినాకపాణి అతని చెయ్యి పట్టుకున్నాడు. అందరి పోగులనూ పడవలకు మళ్ళించమని కెప్టెన్ ఆజ్ఞ ఇచ్చారా అని అడిగాడు. అవునంటాడేమోనని ఆశగా అతని ముఖంలోకి చూశాడు.

“లేద్సార్. ఎవర్నీ కదలొద్దనే చెప్పాం. పొగ పాకకుండా అడ్డుతలుపులు కూడా మూసేశాం. మనవాళ్ళు ఆరో అంతస్తుకి వెళ్ళారు, మేడమ్‌గార్ని తెస్తారు. మీరు మాత్రం దిగకండి.”

చుట్టూ అందరిదీ ఒకటే గోడు. కొత్తగా పెళ్ళైన కుర్రవాడొకడు భార్యను ఈతకొలను దగ్గర వదిలి వచ్చాడట. ఒకావిడ అక్కను పిలవబోయి ఇక్కడ తేలిందట. నడివయసు మనిషొకాయన ఉమాపతి చొక్కా పట్టుకుని ఏడుస్తున్నాడు.

“మా యమ్మ దగ్గరికెళ్దామంటే ఈ దిక్కుమాలింది నన్నిక్కడికి తెచ్చి పడేసింది బాబూ. ముసల్ది, ఒక్కర్తీ ఉంది. పాడైపోయింది కదా ఇది? చెప్పండి, పాడైపోయింది కదా?”

ఉమాపతి తన చేతిలోని మైకు పినాకపాణికి అందించాడు. శాస్త్రవేత్త నోటి నుంచి ఒక మాట వస్తే జనం కాస్త శాంతిస్తారన్నాడు. పినాకపాణి ఆ ముఖాలను చూశాడు. ఏ కళ్ళలోకి చూసినా అదే ప్రశ్న. యంత్రం పాడైందంటే ఆయన ముప్ఫై ఏళ్ళ పని మట్టిలో కలుస్తుంది. నిజం చెబితే ఈ వందలమందీ ఇక ఇంటికి వెళ్ళి ఎవరి ముఖం చూడగలరు? తను చూడగలడా?

“పొగ వల్ల దారిపోగు దెబ్బతింది,” అన్నాడు. “తప్పంతా యంత్రానిదే. మీలో ఎవరిదీ తప్పు లేదు.”

జనం ఒక్కసారిగా ఊపిరి వదిలారు. కొందరు పోగులు పీకి సముద్రంలోకి విసిరారు. అమ్మ కోసం ఏడ్చినాయన ఉమాపతి చొక్కా వదిలేసి చేతులు జోడించాడు. కాసేపటికి మంటలు అదుపులోకి వచ్చాయనీ, ప్రాణనష్టం లేదనీ కబురు వచ్చింది.

ఇద్దరు సిబ్బంది భుజాలు పట్టుకుని నడిపిస్తుంటే హైమవతి వచ్చింది. ముఖమంతా మసి. దగ్గుతెరలు ఆగడం లేదు. గదిలో ఉండమన్నా వినకుండా బయటపడి, పొగలోంచి అన్ని మెట్లూ ఎక్కి సభాశాల గుమ్మంలో కూలబడి ఉండగా దొరికిందని వాళ్ళు చెప్పారు.

“మీకేమైందోనని వచ్చానండీ,” అంది ఆవిడ. “హాల్లో ఎవరూ లేరు. పోగులన్నీ పాడైపోయాయంటున్నారు అందరూ. నాది బాగానే పనిచేసిందే! తిన్నగా మీరున్న హాలు దగ్గరికే తీసుకెళ్ళింది.”

చుట్టూ ఉన్నవాళ్ళు ఆవిడ వైపు చూసి, వెంటనే చూపులు సముద్రం మీదికి తిప్పుకున్నారు.

“మీది పాడైందా?” అని అడిగింది హైమవతి.

“పాడైంది, హైమా,” అన్నాడు పినాకపాణి.

ఆవిడ నమ్మింది. “పోనీలెండి, మీరు క్షేమంగా ఉన్నారు,” అని, ఇక నిలబడలేక బరువంతా ఆయన భుజం మీద వాల్చింది.