మునెమ్మ బండకు పదకొండు ప్రదక్షిణలు

ఏర్పేడు దగ్గరి యానాది కాలనీలో ఒక నల్లబండకు పసుపు కుంకుమలు పూసి, పదకొండు ప్రదక్షిణలు చేసి, భానుచందర్ సాష్టాంగపడ్డాడు. లేచేసరికి ఎదురుగా లోహిత చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది.

"అయిపోయిందా?"

"అయింది. మీ దేవుడంటే నాకు చాలా రెస్పెక్ట్."

"మా దేవుడు ఇంట్లో మూల ఉండాడు. ఇది మా అవ్వ గుడ్డలుతికే బండ."

"మొదటి రౌండ్‌లోనే చెప్పొచ్చు కదా."

"చెప్దామనుకున్నా. బండ చుట్టూ గడ్డి బాగా అణుగుతా ఉండాది, ఆపొద్దనింది మా అవ్వ."

అది 2002. తిరుపతిలో ఎం.ఏ. హిస్టరీ చదివిన లోహిత, వారం కిందట ఏర్పేడు బస్టాండులో నోటీసులు పంచింది. 'యానాదుల దేవుళ్లు, చరిత్ర. నాలుగు ఆదివారాల వర్క్‌షాప్. ఊరివాళ్లు, కాలనీవాళ్లు కలిసి కూర్చుందాం.' భానుచందర్ నోటీసులో 'దేవుళ్లు', 'నాలుగు ఆదివారాలు' అన్న మాటలు తప్ప ఏమీ చదవలేదు. ఆ అమ్మాయిని నాలుగు ఆదివారాలు చూడొచ్చని మాత్రం అర్థమైంది. పెద్ద రైతు మునిరత్నం కొడుకు కాబట్టి ఉత్తచేతులతో రాకుండా, పూజ సామాన్లతో, ఇత్తడి చెంబు నిండా నీళ్లతో దిగాడు.

స్కూలు వరండాలో లోహిత చార్టు తగిలించింది. "తెల్లదొరల కాలంలో కొన్నిచోట్ల మావాళ్లని పుట్టుకతోనే దొంగలని చట్టంలో రాసినారు. చట్టం పోయింది, మాట పోలేదు."

భానుచందర్ చార్టు తప్ప మిగతావన్నీ చూస్తున్నాడు. అప్పుడే లోహిత అవ్వ మునెమ్మ అతని పక్కన ఉన్న చెంబును చేతిలోకి తీసుకుంది.

"ఇది యాడిది సామీ?"

"మా ఇంట్లోదే అవ్వా. పాతది."

"ఈ సొట్ట నా చేతిలోంచి జారినప్పుడు పడింది. మీ ఇంట్లో అంట్లు తోమతా ఉంటి. తర్వాత ఒకనాడు చెంబు కనపడలేదని, నేనే దొంగనని మీ తాత అందరి ముందరా నిలబెట్టి ఊర్నుంచి తరిమినాడు. మరి ఇది మీకాడికి ఎట్ల వచ్చింది?"

లోహిత ముఖంలో నవ్వు పోయింది.

"మీ నాయన్ని పిల్చుకొస్తే రండి. లేకుంటే వద్దు."

ఇంట్లో సంగటి తింటున్న మునిరత్నం తల ఎత్తలేదు. "బాయి పూడిక తీస్తే దొరికిందిరా. నాకప్పుడు పదహైదేండ్లు. ఎవురికీ చెప్పొద్దన్నాడు మా నాయన."

"ఇప్పుడు చెప్పు నాయనా."

"ఊరి ముందర పరువు పోతాది."

"ఆ అవ్వది పోయి నలభై ఏండ్లయింది."

మునిరత్నం కంచం పక్కకు జరిపాడు. ఆరు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. ఆదివారం పొద్దున భానుచందర్ దిగులుగా బయటికి వచ్చేసరికి, తండ్రి చెంబు చంకలో పెట్టుకుని బండి మీద వెనకాల కూర్చుని ఉన్నాడు.

వరండా నిండా జనం. మునిరత్నం చెంబును మునెమ్మ ముందర పెట్టాడు.

"మునెమ్మక్కా, చెంబు మా బాయిలోనే దొరికింది. నువ్వు తీయలేదు. తెలిసీ మేము చెప్పలేదు. తప్పు మాది."

మునెమ్మ చాలాసేపు కొంగుతో కళ్లు తుడుచుకుంది. తరువాత ఆ చెంబులోనే తన కుండ నీళ్లు ముంచి చాపింది. "తాగు అబ్బోడా." ఆయన చుక్క మిగల్చకుండా తాగాడు.

"సరే. మరి నీ కొడుకు నా బండకి పూసిన పసుపు ఎవురు కడగాల? నా తెల్లకోకలన్నీ పచ్చగా అయినాయి."

సాయంత్రం భానుచందర్ కొబ్బరి పీచుతో బండ తోముతుంటే లోహిత వచ్చి పక్కన కూర్చుంది.

"నిజంగా వర్క్‌షాప్ కోసమే వచ్చినారా?"

"లేదు. నీ కోసం వచ్చినా. ఇప్పుడు రెండూ కావాల."

అతను ఆఖరి మరక పోగొట్టి చేతులు కడుక్కున్నాడు.

"వర్క్‌షాప్ ఇంకా రెండు ఆదివారాలే. ఆ తర్వాత ఏ సాకుతో రావాల?"

ఆమె గుప్పిట విప్పి, శుభ్రంగా మెరుస్తున్న బండ మీద చిటికెడు పసుపు చల్లింది.

"ఇంకా పోలేదు చూడు. మళ్లీ వచ్చి కడుగు నువ్వు."