ఖర్జూరం చెట్టు మీది నుంచి సముద్రం

వాకిలి ఊడ్చి లోపలికొచ్చిన వసంత గోడ దిక్కు చూసి ఆగిపోయింది. కల్లు గీయడానికి చెట్టెక్కేటప్పుడు నడుముకు చుట్టుకునే మోకు, భర్త కొమురెల్లి మస్కట్ పోయిన నాటి నుంచి ఆ మేకుకే వేలాడేది. ఇప్పుడు ఉత్త మేకే ఉంది.

"మామా, మోకేది?"

రాజమల్లు చాయ్ గ్లాసులోకి తల దించాడు. "ఎలుకలు కొరికినయి బిడ్డా. పారేసిన."

"అబద్ధమన్న సక్కగ ఆడరాదా నీకు?"

"కొమురెల్లే అడిగిండు," అన్నాడు ముసలాయన. "మొన్న మస్కట్ పోయిన ఐలయ్య సంచిల వెట్టి పంపిన."

మోకు పోయిందంటే అతను మళ్ళీ చెట్టెక్కుతున్నట్టే. వసంత తన తమ్ముడు తిరుపతి తాటిచెట్టు మీది నుంచి పడి చచ్చిన నాడు, ఇక చెట్టెక్కనని మొగుడితో తన నెత్తి మీద ఒట్టేయించుకుంది. ఎక్కకపోతే తిండేది? అందుకే అతను గల్ఫ్ పోయాడు. అక్కడ ఎండలో సిమెంటు మోస్తూ కూలిపోతే గుండెపోటని రాసి శవాన్ని పెట్టెలో పంపుతారు. ఆ చావుకు జవాబు చెప్పేవాడు లేడు. ఆ సంగతి మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వెంటనే వీడియో కాల్ చేసింది. ఇక్కడ ఎండ వాకిట్లోకొచ్చింది. అక్కడ ఇంకా తెల్లవారుతోంది.

"యాడున్నవ్?"

"సముద్రం కాడ."

"కిందున్నవా, మీదున్నవా?"

ఫోన్ తిరిగింది. ఖర్జూరపు మట్టలు, వాటి సందుల్లోంచి ఎక్కడో కింద నీళ్లు.

"తమ్ముణ్ణి మట్టిల వెట్టిన. నిన్ను గూడ పెట్టాల్నా? దిగు ముందు!"

"దిగుత. నువ్వట్ల అరిస్తే మోకు గూడ భయపడుతది."

మోకు చెట్టును రాసుకునే చప్పుడు వినిపిస్తున్నంత సేపూ ఆమె ఫోన్‌ను చెవికి అదిమి పెట్టుకుంది.

"దిగిన," అన్నాడు. "కంపెనీ పనిల నిద్రే పోలే వసంతా. కండ్లు మూస్తే నేనే ఎండల కూలినట్టు ఉండేది. ఒకనాడు పొద్దుగాల గీ ఒడ్డుకచ్చి కూసుండి మస్తు ఏడ్సిన. పక్కన ఒకాయన చెట్టెక్కి మట్టలు కొడుతుండె. నేనెక్కుతనన్న. మీది నుంచి సముద్రం జూసిన. మన తాటిచెట్ల మీది గాలే, గదే గాలి. గీ చెట్ల సేటు మాట్లాడి నన్ను గీ పనికి మార్పిచ్చిండు. గప్పటి సంది కన్ను మూతవడుతుంది."

"మోకెందుకు మరి?"

"గీడి మోకుల మీద నమ్మకం లేదు. నువ్వు యాదికొచ్చే నాయిన్ను అడిగిన."

"మళ్ళ గట్టిగ పేనే పంపిన బిడ్డా," అన్నాడు రాజమల్లు, బొబ్బలెక్కిన అరచేతులు చూపిస్తూ.

వసంత గడప మీద కూలబడింది. కొమురెల్లి ఫోన్‌ను చెట్టు మొదట్లో ఆనించి తానూ ఇసుకలో కూర్చున్నాడు. అల వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. ఆమె కళ్లు కారుతూనే ఉన్నాయి, గుండె దడ మాత్రం తగ్గింది.

"రేపటి సంది దాపొద్దు," అంది ముక్కు తుడుచుకుంటూ. "ఎక్కేముందు ఫోన్ చెయ్యి. చేసి గట్లనే కింద వెట్టు, సముద్రం దిక్కు. నువ్వు దిగిందాక మోకు చప్పుడు నేనింటుంట."

"మరి ఊరికొచ్చినంక?"

"ఊరికొచ్చినంక మన తాటిచెట్లెక్కు. కింద నేనే నిలవడుత."