రెండు చేతుల పెట్టె

ఫిబ్రవరి పదకొండు. తేదీ ముకాష్‌కి బాగా గుర్తు, ఎందుకంటే ఆ మధ్యాహ్నం కరాకోల్ బజారులో అతను అషల్యన్‌ఫు తింటున్నాడు. బయట మంచు కురుస్తుంటే లోపల చల్లటి పుల్లటి పులుసులో నూడుల్స్, పైన ఎర్రటి కారం, పక్కన బంగాళాదుంప కూరిన వేడి పూరీ. ఎడమచేత్తో గిన్నె వంచి పట్టుకుని, కుడిచేత్తో అడుగున మిగిలింది ఊడ్చుకుంటున్నాడు.

ఎదురుగా వచ్చి కూర్చున్న మనిషి టోపీ కూడా తీయకుండా అన్నాడు.

"తృప్తిగా తిను. కుడిచేత్తో తినడం కొన్నాళ్ళపాటు ఇదే ఆఖరు."

"ఎవరైనా విరగ్గొడతారా?"

"లేదు. నీకు పక్షవాతం."

కల్నల్ షర్షెన్ ఎప్పుడూ అంతే. మిషన్ అప్పగించడం ఆయనకు వాతావరణం చెప్పినంత తేలిక. ముకాష్ చెంచా కింద పెట్టాడు.

సంగతి ఇది. సరస్సు ఒడ్డున ఉన్న శానటోరియంలో డాక్టర్ బురుల్ అనే ఆవిడ ఆరేళ్ళుగా ఒక గ్లవ్ మీద పరిశోధన చేస్తోంది. పక్షవాతంతో పడిపోయిన చేతికి దాన్ని తొడిగితే, కండరంలో మిగిలిన సన్నటి కదలికను పసిగట్టి వేళ్ళను తెరుస్తుంది. అలా తెరిచి తెరిచి మెదడుకు పాత పని మళ్ళీ నేర్పుతుంది. గొర్రెల కాపరి కూడా కొనగలిగేలా చేయాలని ఆవిడ పట్టుదల. ఉన్నది ఒక్కటే గ్లవ్, ఏ చేతికైనా తొడగొచ్చు. ఎల్లుండి పొద్దున అది బయల్దేరాలి, ఆ తర్వాత రెండు రోజులకి బిష్కెక్‌లో అనుమతులిచ్చే కమిషన్ ముందు పెట్టాలి.

"విదేశీ ముఠా ఒకటి దాని మీద కన్నేసింది," అన్నాడు షర్షెన్. "వాళ్ళ చేతికి చిక్కిందా, వాళ్ళ పేరు మీద రిజిస్టర్ అవుతుంది. తర్వాత గ్లవ్ కావాలంటే మనవాళ్ళు గుర్రాల మందను అమ్ముకోవాలి. నిన్న భోజనాల వేళ ఎవరో ఆ గ్లవ్ ఉన్న పెట్టె తెరిచారు. ఊడ్చే ఆవిడ అడుగుల చప్పుడు విని గ్లవ్ వదిలేసి పారిపోయారు."

"సిబ్బందా?"

"అందరూ కింద పుట్టినరోజు విందులో ఉన్నారు. పెట్టె ఉన్న వైపు వరండాలో ఉన్నది ముగ్గురు రోగులు. పెట్టెకి చెరో కొసనా ఒక గొళ్ళెం. రెండూ ఒకేసారి నొక్కితేనే తెరుచుకుంటుంది. అంటే..."

"ముగ్గురిలో ఒకరికి రెండు చేతులూ పనిచేస్తున్నాయి."

"ఒకాయన మంచంలో పక్కకి తిరగాలన్నా ఇద్దరు నర్సులు కావాలి. రెండో రోగి కనిషాయ్ మన మనిషి. ఏడాదిగా లోపలి కబుర్లు అందిస్తోంది. మిగిలింది జుమాలీ అనే ముసలి కాపరి."

"మరి నేనెందుకు? ఆయన్నే పట్టుకోండి."

"ఆధారం కావాలి. ఆ గ్లవ్‌కి పాఠం నేర్పుతున్నది కూడా ఆయన చెయ్యే, ఇప్పుడు రోజూ తొడిగి పరీక్షించేది ఆయనకే. ఊరికే ముట్టుకుంటే డాక్టరమ్మ నన్ను బతకనివ్వదు." షర్షెన్ టోపీ తీసి టేబుల్ మీద పెట్టాడు. "నువ్వే ఎందుకంటే... పక్షవాతం ఎలా ఉంటుందో నీకు ఒకరు చెప్పక్కర్లేదు."

నిజమే. ముకాష్ భార్య బర్చిన్ కుడిచెయ్యి పడిపోయాక నాలుగేళ్ళు బతికింది. భుజం ఎలా జారుతుందో, మనిషి కుర్చీలో కూర్చోబోతూ చేతిని ముందుగా ఎలా సర్దుకుంటుందో ఆ నాలుగేళ్ళూ పక్కనే ఉండి చూశాడు. ఆ చూపు ఇలా పనికొస్తుందనుకోలేదు.

*

మర్నాడు పొద్దున్నే శానటోరియంలో చేరాడు. చెవిలో వినికిడి యంత్రంలా కనిపించే రేడియో, పిడిలో కెమెరా ఉన్న చేతికర్ర, పక్కకు వేలాడే కుడిచెయ్యి.

వరండా చివర కిటికీ దగ్గర కూర్చున్న కనిషాయ్ ఒకప్పుడు టీవీలో వార్తలు చదివేది. మెడచుట్టూ నక్కతోలు, పెదాలకు రంగు, మెడనుంచి వేలాడే ఎర్రటి పట్టుగుడ్డలో దాగిన కుడిచెయ్యి.

"ఈ ఏడు సరస్సు గడ్డకడుతుందంటావా, చెల్లీ?" అన్నాడు ముకాష్.

"అది గడ్డకట్టిన రోజు నేను దాని మీద నాట్యం చేస్తాను, అన్నా."

కోడ్ సరిపోయింది. ఆమె నవ్వుతూనే గొంతు తగ్గించింది. "ముసలాయన ఆవులిస్తాడు చూడండి. అప్పుడు ఎడమచెయ్యి మీద కన్నేసి ఉంచండి. ఆ చెయ్యి అబద్ధం చెప్పలేదు."

భోజనాల దగ్గర జుమాలీయే వచ్చి పక్కన కూలబడ్డాడు. ఎండకూ గాలికీ కాలిన మొహం, నోట్లో సగం పళ్ళు బంగారం.

"ఒరేయ్ కొత్తోడా, నీకేది పోయింది? కుడిదా? నాది ఎడమది. భేష్! ఇద్దరం కలిస్తే ఒక మనిషి. ఓ గొర్రెని కోసి పెట్టగలం."

"కత్తి ఎవరిది, బాబాయ్?"

"కత్తి నాది. కాళ్ళు పట్టుకోడం నీది. పట్నం మొహం వేసుకుని కత్తి కావాలిట!"

అంటూనే రొట్టెను తన మంచి చేత్తో బల్లకి అదిమి పట్టాడు, ముకాష్ ఎడమచేత్తో తుంచుకోవడానికి వీలుగా. అడగకుండానే చేశాడు. అలాంటి సాయం చేసే మనిషి దొంగ కాడనిపించింది. దొంగయితే ముందు చేసేది ఇలాంటి సాయమేనని కూడా అనిపించింది.

టీ తాగాక జుమాలీ ఆవులించాడు. నోరు పెద్దగా తెరుచుకుంది. ఒళ్ళో చచ్చినట్టు పడున్న ఎడమచెయ్యి మెల్లగా, తాడు కట్టి లాగినట్టు, గుండెదాకా లేచింది. ఆవులింత అయిపోగానే మళ్ళీ ఒళ్ళో పడింది.

కర్ర పిడిలో కెమెరా చప్పుడు లేకుండా పనిచేసింది.

"దొరికాడు," అంది చెవిలో షర్షెన్ గొంతు. "రేపు పొద్దున పెట్టె బండెక్కేముందు అరెస్ట్ చేద్దాం."

ముకాష్ కర్రను పక్కకు తిప్పాడు. దొంగ తన చేతిని నలుగురిలో అంత బాహాటంగా ఎత్తుతాడా?

సాయంత్రం డాక్టర్ బురుల్ అతని వేళ్ళను ఒక్కొక్కటే వంచి చూస్తోంది. సన్నటి మనిషి. కళ్ళకింద నల్లటి చారలు.

"డాక్టరమ్మా, జుమాలీ బాబాయ్ చెయ్యి కదులుతోంది. నేను చూశా. ఆవులిస్తుంటే లేచింది."

బురుల్ నవ్వింది. "అందరూ అలాగే సంబరపడతారు. మనం కావాలని ఎత్తే చెయ్యి ఒక దారిలో లేస్తుంది, ఆవులింత మెదడులో ఇంకో దారిన వస్తుంది. మొదటి దారి తెగినా రెండోది మిగిలుంటే, కొందరికి అలా లేస్తుంది. ఆయన లేపమంటే మాత్రం లేపలేడు పాపం. నాటకమాడేవాడికి ఇది తట్టను కూడా తట్టదు."

"ఈ సంగతి ఇక్కడి రోగులకి తెలుసా?"

"కనిషాయ్‌కి తెలుసు. మొదట్లో ఆమెకీ అలాగే లేచేది. నేనే కూర్చోబెట్టి చెప్పాను." ఆవిడ గొంతు తగ్గింది. "నా గ్లవ్ మొదట తొడిగింది ఆమెకే. ఎనిమిది నెలలు. వేలు కూడా కదల్లేదు. కమిషన్ వాళ్ళు అడిగేది అదే. బాగుపడ్డ మనిషి ఏదీ అని."

ముకాష్ తన గదికి పోయి మంచం మీద కూర్చున్నాడు. కనిషాయ్‌కి నిజం తెలుసు. తెలిసీ ముసలాయన మీదికి తోసింది. ఎందుకు?

*

పొద్దున కనిషాయ్ తల్లిని చూడ్డానికి బయల్దేరింది. ఎవరో బంధువు కారు పంపాడు. ముకాష్ కర్ర ఊపుకుంటూ వెళ్ళాడు.

"చెల్లీ, నన్నూ ఊళ్ళో దింపవూ? ఎక్స్‌రే తీయించుకోవాలి."

కనిషాయ్ ఒక్క క్షణం తడబడింది. "అయ్యో, దానికేం అన్నా, రండి."

అంతకుముందే అతను స్నానాలగదిలో నీళ్ళు వదిలి షర్షెన్‌తో మాట్లాడాడు.

"ఓ జీపు మా వెనక రానివ్వండి."

"ఆధారం?"

"లేదు. అనుమానం."

"మన మనిషి మీదా? అనుమానానికి పెట్రోలు దండగ, ముకాష్."

"దండగైతే నన్ను తిట్టడానికైనా వెనకాల రండి."

గేటు దగ్గర కాపలావాళ్ళు కనిషాయ్ సంచి, కోటు, బూట్లు అన్నీ వెతికారు. ఎర్రగుడ్డ జోలికి ఎవరూ పోలేదు. పడిపోయిన చేతిని తడమడానికి ఎవరికి మనసొస్తుంది? కారు కదిలింది. వెనకసీట్లో ఇద్దరూ చెరో పక్క.

అప్పుడే చెవిలో కేక. "పెట్టె ఖాళీ! గ్లవ్ లేదు! ముసలాణ్ణి పట్టుకున్నాం, దొంగవెధవ నోరు విప్పట్లేదు, బూతులు మాత్రం ఎడాపెడా తిడుతున్నాడు. మీ కారు ఎందాకా పోయింది?"

పక్కన కనిషాయ్ ఉండగా ముకాష్ జవాబు చెప్పలేడు. ముందు అద్దంలోంచి వంతెన కనబడుతోంది. దాని అవతల నల్లకారు ఒకటి, పొగ వదులుతూ. వంతెన దాటితే ఇక గ్లవ్ లేదు, జుమాలీ ఎడమచేతికి ఆశా లేదు. చేతిలో ఉన్నది అనుమానం. అనుమానంతో ఒక రోగి చేతిని గుంజి చూడటమా?

వంతెనకు ముందు శ్మశానం. మట్టి గోపురాలు, ఇనుప నెలవంకలు, వాటి మీద కొత్త మంచు. డ్రైవర్ బండి నెమ్మది చేశాడు. పోయినవాళ్ళ కోసం పెదాల్లోనే రెండు ముక్కలు గొణిగాడు. ముకాష్ మనసు బర్చిన్ మీదికి పోయింది.

"ఓమిన్," అని ప్రార్థన ముగించాడు డ్రైవర్.

పాలు తాగే వయసునుంచీ ఆ నేలమీద ఎవరూ ఆలోచించి చేసే పని కాదది. రెండు అరచేతులు మొహం ముందుకు లేస్తాయి, మొహాన్ని నిమురుతూ దిగుతాయి. భోజనం ముగిశాక కూడా అదే పద్ధతి; ఆ బల్ల దగ్గర కనిషాయ్ నెలల తరబడి జాగ్రత్తపడింది. గేటు దాటాక, వంతెన కనబడ్డాక, జాగ్రత్త కాస్త సడలింది.

ఎర్రగుడ్డలోంచి ఆమె కుడిచెయ్యి లేచింది. దానికి బూడిదరంగు గ్లవ్, మణికట్టు చుట్టూ సన్నటి తీగలు.

ముకాష్ కుడిచెయ్యి కూడా లేచింది.

రెండు జతల చేతులు మొహాలు నిమిరి కిందికి దిగాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"చెయ్యి బాగయిందే అన్నా," అంది కనిషాయ్.

"నీదీ బాగానే లేచింది చెల్లీ."

ఆమె నవ్వింది. అదే నవ్వుతో ఎడమచేత్తో సంచిలోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత తీస్తే రంగు లేదు, సూది ఉంది. "పోనీయ్!" అని డ్రైవర్ మీద అరిచింది. కారు ముందుకు దూకింది. ముకాష్ సూదిని మోచేత్తో పక్కకు నెట్టి, కర్ర వంపును ముందుసీట్ల మధ్య హ్యాండ్‌బ్రేకుకు తగిలించి ఒళ్ళు మొత్తం వెనక్కి వాల్చాడు. కారు గిర్రున తిరిగి, వంతెన స్తంభానికి జానెడు దూరంలో మంచుకుప్పలో మూతి పెట్టి ఆగింది. సూది సీటులో దిగబడింది. వెనకనుంచి దూసుకొచ్చిన జీపు వంతెన దాటి నల్లకారుకి అడ్డంగా నిలబడింది.

షర్షెన్ దిగుతూనే అరిచాడు. "నిన్ను తిట్టడానికే వచ్చా!"

*

సాయంత్రానికి జుమాలీని వదిలేశారు. కల్నల్ క్షమాపణ అడిగితే, "ఒక గొర్రె," అన్నాడు ముసలాయన. "కొవ్వు పట్టినది." షర్షెన్ ఒప్పుకున్నాడు. ముసలాయన వెంటనే గ్లవ్ తొడిగించుకోవడానికి ల్యాబ్‌లోకి నడిచాడు.

బేడీలతో కూర్చున్న కనిషాయ్ ముందు డాక్టర్ బురుల్ మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె కుడి అరచేతిలో పట్టు కొలిచే యంత్రం పెట్టింది.

"నొక్కు."

కనిషాయ్ నొక్కింది. ముల్లు పైకి పరిగెత్తింది. బురుల్ ముల్లు ఆగినచోట వేలు పెట్టి చూసింది.

"ఎప్పట్నుంచి?"

"ఆకులు రాలేటప్పుడు చిటికెనవేలు కదిలింది. మొదట మీకే చెబుదామని లేచాను." కనిషాయ్ తలెత్తలేదు. "తలుపుదాకా వచ్చాను కూడా. అప్పుడే ఆ ముఠావాళ్ళ ఫోన్ వచ్చింది. పడిపోయిన చేతిని ఎవరూ అనుమానించరన్నారు. మళ్ళీ కెమెరా ముందు కూర్చోబెడతామన్నారు."

"నేను ఆ నెలల్లో నా పని మానేద్దామనుకున్నానమ్మా," అంది బురుల్. గొంతులో కోపం వెతికినా దొరకలేదు. లేచి షర్షెన్ వైపు తిరిగింది. "కుడిచేతికి బేడీ వదులుగా వేయండి. జైల్లో అయినా సరే రోజూ రెండు పూటలా వ్యాయామం చేయించాలి. ఎల్లుండి కమిషన్ ముందుకి తీసుకురండి."

"దొంగని కమిషన్ ముందుకా? డాక్టరమ్మా!"

"మీకు దొంగ. నాకు బాగుపడ్డ మొదటి మనిషి."

షర్షెన్ ముకాష్ వంక చూశాడు. ముకాష్ కిటికీ వంక చూశాడు. బర్చిన్ ఉంటే ఈ డాక్టర్ చేతిలో తన చెయ్యి పెట్టి కూర్చునేది.

జీపు వెళ్ళిపోయాక బురుల్ వరండా పొడుగునా నడిచింది. కనిషాయ్ గది తలుపు తెరిచే ఉంది. మంచం మీద దుప్పటి సగం జారివుంది. ఆవిడ లోపలికెళ్ళి దుప్పటి మడతపెట్టింది, దిండు సర్దింది, బయటికొచ్చి చప్పుడు కాకుండా తలుపు మూసింది.