ఆల్చిప్పల హోటల్లో కియోస్కు

మధ్యాహ్నం లాంచీ బయల్దేరే వేళకు గ్యుహో ఫోను మోగింది.

"ఇంజనీరూ!"

ఆ కేకకు అతను ఫోన్ని చెవికి జానెడు దూరం జరిపాడు. తొంగ్యొంగ్ రేవులో ఆల్చిప్పల సూపు హోటలు నడిపే పెద్దావిడ, దొక్‌సున్ గారు.

"ఆదివారం సియోల్లో నీకు పెళ్లిచూపులట కదా! నీలం చొక్కా ఇస్త్రీ చేయించుకోమంటోంది మీ అమ్మ."

"మీకెలా తెలుసండీ?"

"నాకేమిటి, హోటలంతటికీ తెలుసు. నిన్న నువ్వు పెట్టిపోయిన ఆర్డర్ల కియోస్కు తెరమీద మీ అమ్మ మెసేజి పడింది. లైన్లో ఉన్నవాళ్లంతా చదివారు. పిల్ల పళ్లడాక్టరట కదా?"

గ్యుహో నెత్తిన పిడుగు పడింది. నిన్న తొందరలో కియోస్కుకు వేరే ఖాతా తెరవకుండా తన ఖాతాతోనే లాగిన్ అయ్యాడు. ఆర్డర్ల యాప్‌ని తెర నిండా పరిచి, సరిపోయిందిలే అనుకుని వెళ్లిపోయాడు. దాని వెనకాల అతని మెసెంజరు కూడా మేలుకునే ఉంది.

వానలో తడుస్తూ స్కూటర్ మీద హోటలు చేరేసరికి లోపల గోలగోలగా ఉంది. తెరమీద ఇప్పుడు ఆర్డర్ల యాప్ కూడా లేదు. లాంచీ నడిపే ముసలి సరంగు ఎక్కడో అంచు పట్టుకుని లాగితే కంప్యూటరంతా బయటపడిందట. ఆయన నింపాదిగా పేకాట ఆడుకుంటున్నాడు.

"కాస్త జరగండి తాతా."

"ఉండవయ్యా! ఇస్పేటు రాజు ఒక్కడే దొరకట్లేదు."

కౌంటరు వెనక మెడకు ఉన్ని మఫ్లరు చుట్టుకున్న అమ్మాయి అతన్ని వేలితో పిలిచింది. దొక్‌సున్ కూతురు నరే. గ్యుహో వెళ్లి నిలబడ్డాడు. ఇంకా దగ్గరికి రమ్మన్నట్టు సైగ చేసింది. వంగాడు.

"మీకు బుద్ధుందా?" చెవిలో గుసగుసగా అడిగింది.

ఇంత మెత్తగా అతన్నెవరూ తిట్టలేదు.

"గట్టిగానే తిట్టండి, పర్వాలేదు."

"గట్టిగా తిట్టే గొంతే ఉంటే ఈ దిక్కుమాలిన పెట్టె మాకెందుకు?"

వంటింటి ఫ్యాను రొదను మించి వినబడేలా ఏళ్ల తరబడి ఆర్డర్లు అరిచి అరిచి ఆమె గొంతులో కాయలు కాశాయి. ఇక అరిస్తే ఆపరేషనే అన్నాడు డాక్టరు. అందుకే వాళ్లు కియోస్కు పెట్టించుకున్నారు. ఇక్కడ వేలు పెడితే వంటింట్లో చీటీ రావాలి.

"ఇవాళ పొద్దుటినుంచీ మళ్లీ అరిచాను," అంది నరే. చివరి మాట గాలిలోనే పోయింది.

అమ్మ మెసేజి ఊరంతా చదివినందుకు పడిన సిగ్గు ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. గ్యుహో తడి కోటు విప్పేసి కియోస్కు ముందు కూర్చున్నాడు.

లాంచీ వెళ్లిపోయాక హోటలు ఖాళీ అయింది. బయట వాన. నరే స్టూలు లాక్కుని పక్కన చేరింది. అతను కొత్త ఖాతా తెరిచి, దానికి ఏ అధికారమూ లేకుండా చేశాడు. కంప్యూటరు వెలగగానే తిన్నగా అందులోకే వెళ్లి, ఆర్డర్ల యాప్ ఒక్కటే నడిచేలా కట్టుదిట్టం చేశాడు.

"ఇప్పుడు తాత అంచు పట్టుకుని లాగితే?"

"ఏమీ రాదు."

"యాప్ చచ్చిపోతే?"

"దానంతటదే లేస్తుంది."

"మధ్యలో అప్‌డేట్ అంటూ కూర్చుంటే?"

"హోటలు మూశాకే కూర్చోమన్నాను."

"మీ అమ్మగారు మెసేజి పెడితే?"

"నా జేబులోకే వస్తుందండీ," అన్నాడు గ్యుహో దీనంగా.

"అయితే నేను బయటపడి చూపిస్తాను, కాచుకోండి."

పది వేళ్లతో లాగింది. అరచేత్తో రుద్దింది. మోచేత్తో పొడిచింది. ఎటు తిప్పినా ఆల్చిప్పల సూపే కనిపించింది. ఉన్నట్టుండి లేచి, బిల్లుల కంప్యూటరు కీబోర్డు పీక్కొచ్చి, పెట్టె వెనక గుచ్చి, మూడు మీటలు ఒక్కసారిగా నొక్కింది. లాగిన్ తెర ప్రత్యక్షమైంది.

"దొరికింది!"

"అది మోసం!"

"కాలేజీ పిల్లలు చెయ్యరా ఏం?"

నిజమే. గ్యుహో ఆ సాకెట్లను పెట్టె లోపలికి మళ్లించి, వెనక తలుపుకు తాళం వేసి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. వేళ్లు తగిలాయి. నరే నవ్వింది. ఆ నవ్వుకు చప్పుడు లేదు, భుజాలు మాత్రం ఊగాయి. అతను చూస్తూ ఉండిపోయాడు.

"ఇక మీరు రానక్కర్లేదన్నమాట."

"రానక్కర్లేకుండా చెయ్యడమే నా పని," అని, అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు.

"చొక్కా ఇస్త్రీ మర్చిపోకండి," అనేసి ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆదివారం సియోల్లో పళ్లడాక్టరు ఉంజూ కాఫీ కప్పు కింద పెట్టింది.

"ఇందాకటినుంచీ మీరు గొంతు జబ్బుల గురించే అడుగుతున్నారు. నేను పళ్లు చూస్తాను."

"క్షమించండి."

"ఎవరి గొంతు?"

"ఒక కస్టమరుది."

"ఆ కస్టమరుకు చెప్పారా?"

"ఏమని?"

"అదేదో తెలియకుండానే నన్ను చూడ్డానికొచ్చారా?" ఆమె నవ్వుతూ బ్యాగు అందుకుంది. "బేరిపళ్లు తేనెలో ఉడికించి తినమనండి. హాయిగా ఉంటుంది. మీరు నచ్చలేదని నేనే అన్నానని మీ అమ్మగారికి చెప్పండి."

మర్నాడు మధ్యాహ్నం గ్యుహో బేరిపళ్ల సంచీతో హోటల్లో అడుగుపెట్టాడు. కియోస్కు చక్కగా పనిచేస్తోంది. లైను చకచకా కదులుతోంది. తను చేసిన పనిని చూసి అతనికి మొదటిసారి ఏడుపొచ్చింది.

"మేం ఫోన్ చెయ్యలేదే," అంది నరే గుసగుసగా.

"చెయ్యలేదు."

"మెషీను బాగానే ఉంది."

"చూశాను."

"మరి పళ్లడాక్టరు?"

"ఆవిడే నన్నిక్కడికి తరిమింది." సంచీ కౌంటరు మీద పెట్టాడు. "మెషీను చెడిపోకపోయినా నాకు రావాలని ఉందండీ. రోజూ. మీరంటే నాకిష్టం."

స్పూన్లు ఆగాయి. వంటింట్లో ఫ్యాను కూడా ఆగింది. స్విచ్చి మీద చెయ్యి అలాగే ఉంచి దొక్‌సున్ తొంగిచూస్తోంది.

నరే అతన్ని వేలితో పిలిచింది. అతను వంగాడు. ఆమె చెవిలో ఏదో చెప్పింది. గ్యుహో చెవులు కిమ్చీ పచ్చడిలా ఎర్రబడ్డాయి.

"ఏమంది?" అన్నాడు సరంగు. "చెప్పవయ్యా, అవతల లాంచీ తియ్యాలి నేను!"

"టేబుళ్లు తుడువు, జనం వెళ్లాక మాట్లాడుకుందాం అంది."

"ఓస్, అంతేనా?" ముసలాయన నీరసంగా చెంచా అందుకున్నాడు.

దొక్‌సున్ మాత్రం గరిటెతో సహా బయటికి వచ్చేసింది.

"తుడవండి అందా, తుడువు అందా?"

"తుడువు అనే అందండీ."

దొక్‌సున్ కూతురి వంక చూసింది. నరే అటు తిరిగి నిలబడింది. భుజాలు ఊగుతున్నాయి.

"అయితే నిలబడతావేం నాయనా?" దొక్‌సున్ తడిగుడ్డ అతని చేతిలో పెట్టింది. "ఆ కిటికీ పక్క టేబులుతో మొదలుపెట్టు."