నీళ్లొచ్చిన బోరింగు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ చివర, తుమ్మచెట్ల దగ్గరున్న బోరింగుకి మంచి పేరు లేదు. ఎనభై ఏడులో సర్కారువారు వేయించారు. ప్రారంభోత్సవానికి దండలొచ్చాయి, లడ్డూలొచ్చాయి... నీళ్లు మాత్రం రాలేదు. చీకటి పడితే దాని పిడి దానంతటదే కొట్టుకుంటుందనీ, దాహం తీరక చచ్చిపోయిన మన వైపు ఆవిడెవరో తెలుగులోనే పిలుస్తుందనీ చెప్పుకునేవారు.

కనకం దెయ్యాన్ని నమ్మింది గానీ బోరింగుని నమ్మలేదు. పలాస నుంచి వచ్చి ఆరు నెలలే అయింది, హిందీలో ‘అచ్ఛా’ ఒక్కటే వచ్చు. ఒక సాయంత్రం బోరింగు వేసిన కంట్రాక్టరు గుమస్తా కాగితం పట్టుకొచ్చాడు. బోరింగులో నీళ్లు వస్తున్నాయని కాలనీ ఆడవాళ్ల తరఫున ఆమె సంతకం పెట్టాలట. రేపు పదింటికి పెద్ద సాహెబు తనిఖీకి వస్తాడట. సంతకం పెట్టిందా, ఇక ఆ బోరింగు మొహం ఎవడూ చూడడు. జన్మంతా రైలింజన్ల షెడ్డు కుళాయి నుంచి బిందెలు మోసుకోవలసిందే.

“నా కళ్లతో చూస్తేగానీ పెట్టను,” అని మొగుడు అప్పారావు చేత హిందీలో చెప్పించింది.

రాత్రి అప్పారావు డ్యూటీకి వెళ్లాడు. పదకొండు దాటితే కుళాయి దగ్గర జనం పలచబడతారని కనకం బిందె చంకనెత్తుకుని బయల్దేరింది. తుమ్మచెట్ల దాకా వచ్చేసరికి—

కీచ్... కీచ్...

అంతలో గలగలమని నీళ్ల చప్పుడు! అప్పుడు పుట్టింది అసలు భయం. పిడి కదిలిందంటే గాలి అనుకోవచ్చు. సర్కారు బోరింగులో నీళ్లా? ఇది మనుషుల పని అయ్యుండదు.

చీకట్లోంచి బొంగురు గొంతు— “చూడు... చూడు!”

తను అన్న మాట దానికెలా తెలిసింది?

“చూసీసానమ్మా తల్లీ! సంతకం పెట్టీస్తాను!”

బిందె అక్కడే పారేసి ఇంట్లోకొచ్చి పడింది. గడియ వేసుకుని, ఆంజనేయుణ్ణి తలుచుకుంటూ తెల్లవార్లూ కూర్చుంది.

పొద్దున్నే డ్యూటీ దిగొచ్చిన అప్పారావు అంతా విన్నాడు.

“ఆడ గొంతా, మొగ గొంతా?”

“...మొగ గొంతేనండి.”

అప్పారావు పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఓసి పిచ్చిదానా! చూడు కాదే, ఛోడో! వదలండ్రా అని హిందీలో అన్నాడు. రాత్రి మా షెడ్డు ముందునుంచే ఎల్లింది కంట్రాక్టరు టాంకరు. సాహెబుకి చూపించడానికి బోరింగులోకి నీళ్లు వదిల్నారు!”

కనకానికి ముందు సిగ్గేసింది. ఆ తర్వాత ఒళ్లు మండింది. వీధిలోకొచ్చి పక్కింటావిణ్ణి కేకేసింది.

“ఒలే మంగాయమ్మా! అందరినీ బిందెలట్టుకు రమ్మను. బోరింగులో నీళ్లున్నాయి!”

పదింటికి సాహెబు జీపు దిగి పిడి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఈసారి కోటు విప్పి కొట్టాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

గుమస్తా మొహం పాలిపోయింది. “రాత్రే నింపాం కదా సాబ్...” అని హిందీలో నోరు జారాడు.

ఆ ముక్క కనకానికి ఎవరూ తెలుగు చేసి చెప్పనక్కర్లేకపోయింది. నీళ్లు పడేదాకా మళ్లీ తవ్వితేనే సంతకమని అప్పారావు చేత చెప్పించేసి, సంతకం లేని కాగితం సాహెబు చేతికే ఇచ్చి, నిండిన బిందెల మీద మూతలు పెట్టుకోడానికి లోపలికెళ్లింది.